సముద్రంలో చేపల్ని ఎలా లెక్కపెడతారు? బైపీసీ పిల్లలకూ స్టాటిస్టిక్స్ ఎందుకు కావాలి?



పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న "ఇంటర్‌లో ఏ గ్రూపు?" అన్నదే. లెక్కలు బాగా వస్తే ఎంపీసీ, లెక్కలంటే భయమైతే బైపీసీ అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. బైపీసీ తీసుకుంటే ఇక లెక్కల పుస్తకం తెరవనక్కర్లేదని పిల్లలు కూడా లోలోపల సంతోషపడుతుంటారు.

బైపీసీ తీసుకున్న పిల్లలందరికీ మెడికల్ సీటు రాదు, అందరూ డాక్టర్లే కావాలని కూడా లేదు. జీవశాస్త్రం ఇష్టపడే పిల్లలకు ఉన్న మంచి దారుల్లో మత్స్య శాస్త్రం, సముద్ర జీవశాస్త్రం ఉన్నాయి. ఈ చదువుల్లోకి వెళ్లిన పిల్లలకు రెండు మూడేళ్లలోనే తెలిసే విషయం ఒకటుంది. అక్కడ సూక్ష్మదర్శిని ముందు కూర్చునే సమయం కన్నా కంప్యూటర్ ముందు అంకెలతో కూర్చునే సమయం ఎక్కువ కావచ్చు. ఆ అంకెల పని ఏమిటి, దాన్ని ఎలా నేర్చుకుంటారు, ఇంట్లో మనం దానికి ఎలా పునాది వేయవచ్చు అన్నదే ఈ నెల పాఠం.

అన్నం మెతుకు సూత్రం

చెరువులో చేపలెన్నో తెలియాలంటే నీళ్లు తోడించి లెక్కపెట్టవచ్చు. సముద్రంలో అది కుదరదు. చేపలు కనిపించవు, ఒకచోట నిలవవు, కొన్ని రకాలు వందల కిలోమీటర్లు వలస పోతాయి. అయినా లెక్క మాత్రం కావాలి. ఈ ఏడాది ఎన్ని టన్నులు పడితే వచ్చే ఏడాదికి చేప మిగులుతుందో ప్రభుత్వాలు నిర్ణయించాలి. ఆ నిర్ణయం మీద మత్స్యకార కుటుంబాల భోజనం ఆధారపడి ఉంటుంది.

ఇలాంటప్పుడు శాస్త్రవేత్తలు చేసే పని మన వంటింట్లో రోజూ జరిగేదే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెలోని మెతుకులన్నీ పట్టి చూడం. ఒకటి రెండు మెతుకులు నొక్కి చూస్తాం. దీన్నే శాంపిల్ అంటారు. కొంచెం చూసి మొత్తం సంగతి చెప్పడమే స్టాటిస్టిక్స్ చేసే పని.

కానీ ఒక షరతు ఉంది. గిన్నెలోని బియ్యం అంతా ఒకేలా ఉడుకుతుందన్న నమ్మకం ఉంటేనే ఒక మెతుకు సరిపోతుంది. అడుగు మాడి పైన పలుకుగా ఉంటే ఆ ఒక్క మెతుకు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సముద్రం సమానంగా ఉడికిన అన్నం కాదు. ఒకచోట చేపలు గుంపులుగా ఉంటాయి, మరోచోట ఏమీ ఉండదు. అందుకే మెతుకు ఎక్కడి నుంచి తీశామన్నది ముఖ్యమైన ప్రశ్న.

ఇంట్లో చేసి చూడండి: బొబ్బర్ల సముద్రం

ఈ ప్రయోగానికి అరగంట చాలు. ఒక పెద్ద గిన్నెలో సుమారు 500 బొబ్బర్లు పోయండి. ఎన్ని పోశారో పిల్లలకు చెప్పకండి. గిన్నెలోంచి 50 గింజలు తీసి స్కెచ్ పెన్నుతో రంగు వేయించండి. ఆరాక మళ్లీ గిన్నెలో వేసి బాగా కలపండి. ఇప్పుడు కళ్లు మూసుకుని 50 గింజలు తీయమనండి. అందులో రంగువి ఎన్నో లెక్కపెట్టమనండి.

రంగువి 5 వచ్చాయనుకుందాం. అంటే తీసిన ప్రతి 10 గింజల్లో ఒకటి రంగుది. గిన్నె మొత్తంలో రంగువి 50 ఉన్నాయి కాబట్టి మొత్తం గింజలు సుమారు 500. లెక్క ఇంతే: 50ని 50తో గుణించి 5తో భాగించాలి. ఏడో తరగతి అనుపాతం వస్తే చాలు.

ఇది ఆటగా కనిపించినా నిజమైన పద్ధతే. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890లలోనే చేపలకు గుర్తులు కట్టి సముద్రంలోకి వదిలి పరిశీలించారు. గుర్తు వేసి, వదిలి, మళ్లీ పట్టి లెక్కించే ఈ పద్ధతికి నేటికీ ఆయన పేరే ఉంది.

ఇప్పుడు అసలు పాఠం. గింజలు మళ్లీ గిన్నెలో వేసి, కలిపి, ఇంకోసారి తీయమనండి. ఈసారి రంగువి 4 వస్తే జవాబు 625. మరోసారి 7 వస్తే 357. గిన్నె మారలేదు, గింజలు మారలేదు, జవాబు మాత్రం మారింది. "మేడమ్, ఇందులో ఏది కరెక్ట్?" అని పిల్లలు వెంటనే అడుగుతారు. ఒక లెక్కకు ఒకే జవాబు ఉంటుందని, దాని కింద రెండు గీతలు గీయాలని నేర్చుకున్న పిల్లలకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

ఇదే ప్రయోగాన్ని కంప్యూటర్‌తో 10,000 సార్లు చేయిస్తే, వందలో సుమారు 95 సార్లు రంగు గింజలు 2 నుంచి 9 లోపు వస్తాయి. జవాబులుగా మార్చి చూస్తే 1,250 నుంచి 278 వరకు. అంటే 50 గింజలు ఒక్కసారి తీసి చూసి "500 ఉన్నాయి" అని గట్టిగా చెప్పే హక్కు మనకు లేదు. అదే 50 బదులు 200 గింజలు తీస్తే జవాబులు ఎక్కువసార్లు 385కూ 714కూ మధ్య ఉంటాయి. శాంపిల్ పెంచితే అనుమానం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నిజమైన సముద్రంలో శాంపిల్ పెంచడమంటే ఓడకు మరిన్ని రోజుల ఖర్చు.

చివరిగా ఒకసారి రంగు గింజల్ని పైపైన వేసి, కలపకుండా పైనుంచే 50 తీయమనండి. రంగువి 20 రావచ్చు. అప్పుడు జవాబు 125. ఇక్కడ లెక్క తప్పు కాలేదు, మెతుకు తీసిన చోటు తప్పయింది. (రంగు వేసిన గింజల్ని మళ్లీ వంటలో వాడకండి.)

మెతుకు తప్పు చోట తీస్తే ఏమవుతుంది: న్యూఫౌండ్‌లాండ్ కథ

కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ అనే పెద్ద ద్వీపం ఉంది. అక్కడి సముద్రంలో కాడ్ అనే చేప విరివిగా దొరికేది. కొన్ని వందల ఏళ్లుగా తీరంలోని ఊళ్లన్నీ ఆ చేప మీదే బతికాయి. 1960లలో పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చాయి. 1968లో అక్కడి ఉత్తర కాడ్ పట్టుబడి 8 లక్షల టన్నులు దాటింది. తర్వాత వేగంగా పడిపోయింది. 1977లో కెనడా తన తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు చేపల వేటను తన అధీనంలోకి తెచ్చుకుంది. ఇక చేప మళ్లీ పెరుగుతుందని అందరూ ఆశించారు.

1980లలో శాస్త్రవేత్తల దగ్గర రెండు రకాల సమాచారం ఉండేది. ఒకటి, పరిశోధన ఓడ ఒక పద్ధతి ప్రకారం లాటరీ తీసినట్టు ఎంచిన చోట్ల వల వేసి తెచ్చిన లెక్క. రెండోది, వ్యాపార ట్రాలర్లు గంటకు ఎంత చేప పడుతున్నాయన్న లెక్క. పరిశోధన ఓడ లెక్క కన్నా ట్రాలర్ల లెక్క ఆశాజనకంగా కనిపించింది. రెండింటినీ పరిగణనలోకి తీసుకుని చేసిన అంచనాల్లో, సముద్రంలో ఉన్నదానికన్నా ఎక్కువ చేప ఉన్నట్టు తేలింది. ఆ అంచనాల మీదే పట్టుబడి కోటాలు నిర్ణయించారు.

ఇక్కడ ట్రాలర్ల వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు నిజంగానే గంటకు అంత చేప పడింది. కానీ ట్రాలర్ ఎక్కడికి వెళుతుంది? చేప ఉన్న చోటికే వెళుతుంది. శబ్ద తరంగాలతో చేపల గుంపును వెతికే పరికరాలు ఉన్నాయి. పైగా కాడ్ సంఖ్య తగ్గే కొద్దీ మిగిలినవి కొద్ది చోట్ల గుంపులుగా చేరాయి. అందువల్ల సముద్రం ఖాళీ అవుతున్నా వల మాత్రం నిండుతూనే ఉంది. మన బొబ్బర్ల గిన్నెలో పైపైన తీసిన శాంపిల్ లాంటిదే ఇది కూడా. తీరం దగ్గర చిన్న పడవల మీద వేటాడే వాళ్లు చేప తగ్గుతోందని 1980లలోనే చెబుతూ వచ్చారు.

1992 జూలై 2న కెనడా మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. సుమారు 30,000 మందికి ఉపాధి పోయింది. గుడ్లు పెట్టే వయసు చేపల నిల్వ ఒకప్పటి దానిలో ఒక శాతం దగ్గరకు పడిపోయింది. అతి వేటతో పాటు ఆ ఏళ్లలో నీళ్లు బాగా చల్లబడటం కూడా ఎంతవరకు కారణమన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ జరిగింది. మొదట రెండేళ్లే అనుకున్న నిషేధం 32 ఏళ్లు సాగింది. 2024లో 18,000 టన్నుల పరిమితితో వ్యాపార వేటను తిరిగి అనుమతించారు.

దానికి ముందు 2023లో శాస్త్రవేత్తలు తమ మోడల్‌ను మార్చి, 1954 వరకు వెనక్కి ఉన్న పాత సమాచారాన్ని కూడా అందులో చేర్చారు. దాంతో అదే సముద్రంలోని అదే చేపల నిల్వ "ప్రమాదకర" స్థాయి నుంచి "జాగ్రత్త పడవలసిన" స్థాయికి మారింది. నీళ్లలో చేప ఒక్కసారిగా పెరగలేదు, మన లెక్క మారింది. ఇంత పెద్ద నిర్ణయాల వెనుక ఉన్న మోడల్‌ను అర్థం చేసుకుని ప్రశ్నించగలిగే మనుషులు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మోడల్ అంటే ఏమిటి?

పేరు పెద్దదే కానీ విషయం బ్యాంకు పాస్‌బుక్ లాంటిది. ఈ ఏడాది చేపల నిల్వ కావాలంటే, గత ఏడాది నిల్వకు కొత్తగా పుట్టి పెరిగినవి కలపాలి. సహజంగా చనిపోయినవి, వలలో పడినవి తీసేయాలి. తేడా ఒక్కటే. బ్యాంకు ఖాతాలో నిల్వ కనిపిస్తుంది, సముద్రంలో కనిపించదు. వలలో పడినదాని బరువు తప్ప మిగతావన్నీ అంచనాలే. ఆ అంచనాలన్నీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా, రేవులో చూసిన చేపల సైజుతో, పరిశోధన ఓడ తెచ్చిన లెక్కతో సరిపోతున్నాయా అని చూడాలి. ఇది చేత్తో చేసే లెక్క కాదు కాబట్టి కంప్యూటర్ కావాలి.

ఈ పనికి ప్రపంచంలో ఎక్కువమంది వాడే సాధనాల్లో ఒకటి "ఆర్" అనే కంప్యూటర్ భాష. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు 1990ల మొదట్లో దీన్ని తయారు చేశారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరమే దాని పేరు. ఇది పూర్తిగా ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది. వేల రూపాయల కోర్సు కట్టకుండానే పిల్లలు మొదలుపెట్టవచ్చు. బొబ్బర్ల ప్రయోగాన్ని 10,000 సార్లు చేయించడానికి ఇందులో నాలుగైదు లైన్లు రాస్తే చాలు.

నేర్చుకునే క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. మొదట ఒక పట్టికను తెరిచి, ప్రతి నిలువు వరుసలో ఏముందో, ఏ కొలమానంలో ఉందో చదవాలి. తర్వాత ఏ లెక్కా చేయకముందే గ్రాఫ్ గీసి చూడాలి. చేప పొడవు సెంటీమీటర్లలో రాయాల్సిన చోట ఎవరో మిల్లీమీటర్లలో రాస్తే గ్రాఫ్‌లో వెంటనే కనిపిస్తుంది, సగటులో కనిపించదు. ఆ తర్వాత బొబ్బర్ల వంటి ఉత్తుత్తి ప్రయోగాలు కంప్యూటర్‌తో చేయించాలి. అది అలవాటయ్యాకే మోడల్. చివరికి జవాబు చెప్పేటప్పుడు ఒక అంకె కాకుండా "ఇంత నుంచి ఇంత వరకు" అని చెప్పడం నేర్చుకోవాలి.

"ఇప్పుడు ఏఐ అన్నీ రాసిచ్చేస్తుంది కదా, పిల్లలు నేర్చుకోవడం ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. కోడ్ రాసివ్వడం వరకు నిజమే. కానీ ఈ అంకెలు పరిశోధన ఓడవా, ట్రాలర్లవా, వాటిని ఎంత నమ్మవచ్చు అన్న అనుమానం ముందు మనిషికి రావాలి. న్యూఫౌండ్‌లాండ్‌లో ఇబ్బంది గుణకారంలో రాలేదు, ఆ ప్రశ్న దగ్గరే వచ్చింది.

మన దగ్గర ఈ పని ఎక్కడ జరుగుతోంది?

సముద్రం లేని హైదరాబాద్‌లోనే సముద్రపు సమాచారానికి దేశంలో ముఖ్యమైన కేంద్రం ఉంది. నిజాంపేట దగ్గర ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ 1999లో మొదలైంది. సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 నుంచి అక్కడే పనిచేస్తోంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు పైనీటి ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను గుర్తించి, మత్స్యకారులకు స్థానిక భాషల్లో సమాచారం పంపుతారు. సముద్రంలో తేలుతూ 2,000 మీటర్ల లోతు వరకు ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే ఆర్గో పరికరాల సమాచారం కూడా అక్కడ దొరుకుతుంది. ఆర్గో సమాచారం ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇంటర్ పిల్లలు దాంతోనే ప్రాజెక్ట్ చేయవచ్చు.

మన తీరంలో ఏటా ఎంత చేప పడిందన్న అంచనా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వేస్తుంది. దీని ప్రధాన కేంద్రం కొచ్చి, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రతి రేవులో ప్రతి రోజూ నిలబడి ప్రతి పడవనూ తూకం వేయలేరు కదా. అందుకే కొన్ని రేవుల్ని, కొన్ని రోజుల్ని పద్ధతి ప్రకారం ఎంచుకుని, వచ్చిన పడవల్లో కొన్నింటి పట్టుబడి చూసి మొత్తం అంచనా కడతారు. మళ్లీ మెతుకు సూత్రమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని కాపాడాలన్నది ఉద్దేశం. ఆ రెండు నెలలు వేట మీద బతికే ఇంట్లో సంపాదన ఆగిపోతుంది. ఇలాంటి నిర్ణయం వెనుక ఉన్న లెక్క ఎంత జాగ్రత్తగా ఉండాలో మన పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ఏ తరగతిలో ఏం చేయించాలి?

6 నుంచి 8 తరగతులు: ఒక నెలపాటు ఇంటి కరెంటు మీటర్ రీడింగ్ రోజూ ఒకే సమయానికి రాయించండి. గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీయించండి. ఏ రోజు ఎక్కువ కాలింది, ఎందుకు అని అడగండి.

9, 10 తరగతులు: స్టాటిస్టిక్స్‌ను "సులువుగా మార్కులొచ్చే చాప్టర్" అని వదిలేయకండి. సగటు, మధ్యగతం ఎప్పుడు వేరువేరుగా వస్తాయో ఇంటి ఉదాహరణలతో చెప్పించండి. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ వాడటం ఈ వయసులోనే రావాలి.

ఇంటర్, 11, 12 తరగతులు: బైపీసీ తీసుకున్న పిల్లలు వారానికి ఒక గంట ఆర్ మీద కూర్చుంటే చాలు, లెక్కల అలవాటు పోదు. సీబీఎస్ఈ పిల్లలకు జీవశాస్త్రంతో పాటు గణితం కూడా తీసుకునే వీలు మీ బ్రాంచిలో ఉందేమో కనుక్కోండి.

డిగ్రీ: బైపీసీ పిల్లలకు నాలుగేళ్ల మత్స్య శాస్త్ర డిగ్రీ ఉంది. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. అందులో స్టాటిస్టిక్స్, చేపల నిల్వల అంచనా పాఠాలు తప్పనిసరిగా ఉంటాయి. ఎంపీసీ పిల్లలకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం వంటి దారులున్నాయి.

మార్కుల షీటు కూడా ఒక శాంపిలే

టీచర్‌గా చివరగా ఒక మాట. వీక్లీ టెస్టులో 25కి 24 వస్తే మనం సంతోషిస్తాం, సంతోషించాలి కూడా. కానీ పిల్లలు తమకు బాగా వచ్చిన పాఠాలనే మళ్లీ మళ్లీ చదువుతుంటే, ఆ టెస్టులో అవే వస్తే, ఆ 24 ట్రాలర్ లెక్క లాంటిది. వల నిండింది, సముద్రం సంగతి తెలియదు. అలాగే ఒక్క టెస్టులో 12 వచ్చినంత మాత్రాన పిల్లవాడికి లెక్కలు రావని తేల్చేయడం, ఒక్కసారి 50 గింజలు తీసి తీర్పు చెప్పడం లాంటిదే. ఈసారి ప్రోగ్రెస్ కార్డు చూసేటప్పుడు "ఎన్ని వచ్చాయి?" అన్న ప్రశ్నతో పాటు "ఏ పాఠాల మీద పెట్టారు? వదిలేసిన పాఠాలు ఏవి?" అని కూడా అడగండి. పదో తరగతి తర్వాత గ్రూపు నిర్ణయించేటప్పుడు కూడా ఒక పరీక్ష మార్కు కాకుండా రెండు మూడేళ్ల తీరు చూడండి.

బొబ్బర్ల ప్రయోగం చేసినవారు రంగు గింజలు ఎన్ని వచ్చాయో, ప్రయోగం ఎన్నిసార్లు చేశారో పిల్లల డైరీలో రాసి నెలాఖరులోగా పంపండి. అన్ని ఇళ్ల జవాబులూ కలిపి పిల్లల చేతే ఒకే గ్రాఫ్ గీయించి నోటీసు బోర్డులో పెడతాం. ఎక్కువ తక్కువలు వచ్చినా దిద్దకుండా వచ్చిన అంకెలే పంపండి, మాకు కావలసినవి అవే.